మొవ్వావిడ పేరు

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా పెదనాన్న ఒక కాగితం చుట్ట తెచ్చి మంచం మీద పరిచారు. నాలుగు డ్రాయింగ్ షీట్లు ఒకదానికొకటి అతికించి, స్కేలు పెట్టి గీసిన మా వంశవృక్షం. రిటైరయ్యాక రెండేళ్ళు దీని కోసమే తిరిగారాయన. పాత దస్తావేజులు తీశారు, ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగారు, కోతలప్పుడు గోత్రాలు చెప్పుకుంటూ పిచ్చుకుంట్లాయన వస్తే కూర్చోబెట్టి, భోజనం పెట్టి, ఆయన చెప్పిందంతా రాసుకున్నారు. మొత్తం 7 తరాలు. అందరం మూగి ఎవరి పేరు ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కున్నాం. నా పేరు దొరికింది, తమ్ముడి పక్కన, కింద గీత లేకుండా. వాడి కింద గీత దిగి వాడి కొడుకు దాకా వెళ్ళింది. నా కూతురు అందులో లేదు. అది వాళ్ళ నాన్న వైపు చెట్టులో ఉండాలట, ఆ చెట్టు ఇంతవరకు ఎవరూ గీయలేదు.

పైన, మా తాతగారి తాతగారి పేరు పక్కన రెండు గళ్ళున్నాయి. రెండో గడిలో ఒక పేరుంది. మొదటి గడిలో మాత్రం ‘మొదటి భార్య, మొవ్వ’ అని ఉంది, అంతే. ఈవిడ పేరేంటి పెదనాన్నా అని అడిగితే, “ఎవరికీ తెలీదమ్మా, అందరూ మొవ్వావిడ అనేవాళ్ళట” అన్నారు. మా వైపు అంతే, ఇంటికొచ్చిన కోడళ్ళని పుట్టింటి ఊరుతో పిలుస్తారు. ఘంటసాలత్త, చల్లపల్లి పిన్ని, అవనిగడ్డ దొడ్డమ్మ. మా నాయనమ్మ పోయేదాకా ఊళ్ళో సగం మందికి కూచిపూడావిడే. మొవ్వ అనగానే తెలుగు చదువుకున్నవాళ్ళకి క్షేత్రయ్య గుర్తొస్తాడు, ఆయన మువ్వగోపాలుడు గుర్తొస్తాడు, మాకు మాత్రం ఆ ఊరు ఒక ఖాళీ గడి.

నేను 20 ఏళ్ళుగా తరాల కథలు చదువుతున్నాను. ఫ్యామిలీ సాగా అని ఎక్కడ కనిపించినా, ఎంత లావున్నా, ఏ భాష నుంచి వచ్చినా తెచ్చుకుంటాను. కొన్నిటిని నెత్తిన పెట్టుకుంటాను, కొన్నిటిని సగంలో వదిలేస్తాను, ఎందుకని ఎవరైనా అడిగితే ఇన్నాళ్ళూ సరిగ్గా చెప్పలేకపోయేదాన్ని. ఆ కాగితం చూశాక తెలిసింది. ఆ మొదటి గడిని ఈ రచయిత ఏం చేశాడు అన్నదే నేను చూస్తున్నాను. పేరు లేని ఆ మనిషికి కథలో చోటుందా, లేక ఆవిడ పిల్లల్ని కని, పేజీ తిప్పగానే పోతుందా.

మామూలుగా ఈ నవలల్లో మొదటి పేజీలోనే ఒక వంశవృక్షం వేస్తారు. చాలామంది దాన్ని మెచ్చుకుంటారు, పేర్లు కలిసిపోకుండా ఉంటాయని. నాకది నచ్చదు. ఎవరు ఎవర్ని చేసుకుంటారో, ఎవరికి పిల్లల్లేరో, ఎవరు ముందు పోయారో కథ మొదలుకాకముందే చెప్పేస్తుంది. నేను ఆ పేజీ తిప్పేసి, చదువుతూ చదువుతూ వెనక అట్ట లోపల పెన్సిల్‌తో నా చెట్టు నేనే గీసుకుంటాను. అలా గీసుకుంటే ఒక లాభం ఉంది, వంటమనిషి, పాలేరు, విధవ మేనత్త, చిన్నప్పుడే పోయిన పిల్ల, వీళ్ళంతా నా చెట్టులో ఉంటారు.

థామస్ మన్ రాసిన ‘బుడెన్‌బ్రూక్స్’ 1901లో వచ్చింది. జర్మనీలో ఒక వర్తక కుటుంబం నాలుగు తరాల్లో ఎలా పడిపోయిందో చెప్పే నవల. అందులో ఇంటి పుస్తకం ఒకటి ఉంటుంది, పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ అందులో రాస్తారు. ఆ ఇంటి అమ్మాయి టోనీకి ఒక వ్యాపారస్తుడి సంబంధం వస్తుంది. ఆమెకి అతనంటే అసహ్యం, మనసు ఇంకొకడి మీద ఉంది, ఒక వైద్య విద్యార్థి మీద. ఒకరోజు పొద్దున్నే ఆ పుస్తకం తీసి చదువుతుంది, ముత్తాతల నుంచి వరసగా, ఎంత మంది, ఎంత గౌరవం, ఇదంతా ఒక గొలుసు, నేనూ ఇందులో ఒక కొక్కేన్ని అనిపిస్తుంది. కలం తీసుకుని, ఎవరూ రాయమనకుండానే, ఆ ఇష్టంలేని మనిషితో తన నిశ్చితార్థం తనే తేదీ వేసి రాసేస్తుంది. తర్వాత తేలేదేమిటంటే అతను దొంగ లెక్కలు చూపించి కట్నం కోసం చేసుకున్నవాడు. ఆ సీను నేను ఎన్నిసార్లు చదివానో. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, గదిలో పెట్టి గడియ వెయ్యలేదు. ఒక పుస్తకం చాలింది. మన ఇళ్ళల్లో ‘మన ఇంటా వంటా లేదు’ అనే మాట చేసే పని అదే కదా.

అదే పుస్తకంలో చాలా ఏళ్ళ తర్వాత హన్నో అనే చిన్నపిల్లాడు, ఆ వంశానికి మిగిలిన ఒక్క మగపిల్లాడు, తన పేరు కింద స్కేలు పెట్టి అడ్డంగా రెండు గీతలు గీస్తాడు. తండ్రి కోప్పడితే, ఇంక దీని తర్వాత ఏమీ ఉండదనుకున్నాను అంటాడు. నిజంగానే వాడితో ఆ వంశం ఆగిపోతుంది. అందరూ ఈ గీతల గురించే మాట్లాడతారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆఖరి అధ్యాయం. హన్నో కూడా పోయాక ఆ గదిలో కూర్చుని ఉన్నవాళ్ళందరూ ఆడవాళ్ళే, ఆ కాగితాలు మిగిలింది టోనీ దగ్గరే. రెండుసార్లు పెళ్ళి చెడిపోయి, ఊళ్ళో తలెత్తుకోలేకపోయిన మనిషి చేతిలో మొత్తం వంశం ఉంది.

ఇక మన దగ్గరికి వస్తే ‘వేయిపడగలు’ గురించి మాట్లాడకుండా ఈ విషయం ముందుకెళ్ళదు. 1934లో విశ్వనాథ సత్యనారాయణ రాసింది, పీవీ నరసింహారావు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తీసుకెళ్ళింది. నేను మూడుసార్లు చదివాను, మూడుసార్లూ పేచీ పడుతూనే చదివాను. సుబ్బన్నపేట, కోట, గుడి, వెయ్యి పడగల స్వామి, ఒక్కో పడగా రాలిపోతుంటే కుమిలిపోయే ధర్మారావు. నేనేమో వాటిలో కొన్ని పడగలు పోవాల్సిందే అనుకునే మనిషిని. అయినా ఒక ఊరు కళ తప్పడాన్ని అంత ఓపిగ్గా, అంత దగ్గరగా, ఒక్కో వృత్తి, ఒక్కో ఉత్సవం, ఒక్కో అలవాటు పేరుపేరునా చెప్పి చూపించిన నవల తెలుగులో నాకు ఇంకోటి కనిపించలేదు. అందులో ధర్మారావు తండ్రి రామేశ్వరశాస్త్రికి నాలుగు వర్ణాల నుంచీ నలుగురు భార్యలు. అది చదివిన ప్రతిసారీ నేను అక్కడే ఆగిపోతాను. ఆ మిగతా ముగ్గురి వైపు నుంచి చూస్తే అదే లోగిలి ఎలా ఉండేది? ఎవరు ఎక్కడ వండుకునేవాళ్ళు, పండగపూట ఎవరు ఎవరి గుమ్మం తొక్కేవాళ్ళు? ఆ ముగ్గురిలో ఒకరి నోట ఆ కథంతా ఇంకొకరు మళ్ళీ రాస్తే రాత్రి పగలు కూర్చుని చదువుతాను.

లోగిలి అన్నాను కాబట్టి ఈ మాట కూడా చెప్పాలి. మన తరాల కథల్లో మండువా లోగిలిని ఎంత అందంగా వర్ణిస్తారో. వాన పడితే నడిమధ్యన నాలుగు వైపుల నుంచీ ధారలు, పిల్లలు కాగితం పడవలు, ఉయ్యాల బల్ల మీద తాతగారు. మా నాయనమ్మకి ఒకసారి అలాంటి పేజీ చదివి వినిపించాను, సంతోషపడుతుందని. ఆవిడ విని, “వానొస్తే ఆ బురదంతా ఎత్తిపోసేది మేమేగా” అంది. పద్దెనిమిది మంది ఇల్లు అది. మగవాళ్ళ పంక్తి, పిల్లల పంక్తి, పాలేర్ల అన్నాలు అయ్యాక ఆడవాళ్ళు కూర్చునేసరికి మూడు దాటేదట. అప్పటికి కూర అడుగంటితే పచ్చడి, పచ్చడి కూడా లేకపోతే మజ్జిగ. పెళ్ళైన కొత్తలో ఆకలికి తట్టుకోలేక వడ్ల గాదె చాటున నిలబడి బెల్లం ముక్క తిన్నానని చెబుతూ, 60 ఏళ్ళ తర్వాత కూడా, గొంతు తగ్గించింది. ఆ గొంతు తగ్గించడం ఏ నవల్లో ఉన్నా నేను ఆ నవలకి దణ్ణం పెడతాను. ఉమ్మడి కుటుంబం విరిగిపోయిందని 500 పేజీలు ఏడ్చి, మూడింటి దాకా ఆకలితో ఉన్న కోడలికి ఒక్క పేజీ ఇవ్వని నవల ఎంత పెద్ద పేరున్నదైనా నాకొద్దు.

అందుకే బెంగాలీ రచయిత్రి ఆశాపూర్ణాదేవి నాకు ప్రాణం. ‘ప్రథమ ప్రతిశ్రుతి’, ‘సువర్ణలత’, ‘బకుల్ కథ’, మూడు నవలలు, మూడు తరాల ఆడవాళ్ళు, తల్లి, కూతురు, మనవరాలు. వంశం ఇక్కడ తల్లి వైపు నుంచి నడుస్తుంది, అదొక్కటే ఎంత పెద్ద మార్పో చదివితే తెలుస్తుంది. 1976లో ఆవిడకి జ్ఞానపీఠం వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే. మొదటి తరం సత్యవతిది, ఆమెకి తెలియకుండా తొమ్మిదేళ్ళ కూతురు సువర్ణకి అత్తగారు పెళ్ళి చేసేస్తుంది. సత్యవతి ఇల్లు వదిలి కాశీ వెళ్ళిపోతుంది. అక్కడిదాకా మొదటి నవల.

రెండోదానిలో సువర్ణలత అత్తవారింట్లో కోరిన కోరిక ఒక్కటే. కొత్త ఇల్లు కడుతున్నారు, వీధి కనిపించేలా ఒక వరండా కావాలి. నగలు కాదు, చీరలు కాదు, బయటికి చూడ్డానికి ఒక చోటు. ఉంటుందిలే అని మొగుడు చెబుతూ వస్తాడు. గృహప్రవేశం రోజు ఆమె ఒక్కో గదిలోకి వెళ్ళి వెతుకుతుంది, పైకి వెళ్తుంది, ఈ తలుపు వెనక ఉందేమో, ఆ తలుపు వెనక ఉందేమో అని. ఎక్కడా ఉండదు. మొదటిసారి నేనది చదివినప్పుడు మా అమ్మాయి పక్కన పడుకుని ఉంది, పుస్తకం మూసి చాలాసేపు సీలింగ్ చూస్తూ ఉండిపోయాను. అదే సువర్ణ తర్వాత తన బతుకంతా రాసుకుని, అచ్చు వేయిస్తుంది. పుస్తకం నిండా అచ్చుతప్పులు, ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. కాపీలన్నీ మేడ మీదకి తీసుకెళ్ళి తగలబెట్టేస్తుంది. ఆవిడ పోయాక కూతురు బకుల్ అమ్మ రాతల కోసం వెతుకుతుంది, ఏమీ మిగల్లేదు. ఏమీ లేని ఆ చోటు నుంచే ఈ నవలలు పుట్టాయన్నట్టు, మొదటి నవల బకుల్ నోటుపుస్తకంలోంచి వచ్చిన కథ అని చెప్పి మొదలుపెడుతుంది రచయిత్రి.

ఆస్తులున్న ఇళ్ళకి కనీసం దస్తావేజులైనా ఉంటాయి, గోత్రం పాడేవాడు ఉంటాడు, పొలం సరిహద్దుల్లో తాత పేరు ఉంటుంది. ఏమీ లేనివాళ్ళ తరాల కథ ఎక్కడ దొరుకుతుంది? 2000లో వచ్చిన జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ చదివాక ఇంతకు ముందు చదివినవన్నీ నాకు ఇంకోలా కనిపించాయి. అక్కడ వంశవృక్షం అంటే రూతు జ్ఞాపకమే. భర్త రూబేను చెప్పినవి, అత్తమామల తరం నుంచి వచ్చినవి, వాళ్ళ ముందు ఎల్లన్న, సుభద్ర. ఎల్లన్న వీధిభాగోతం కట్టినవాడు, పాట కట్టినవాడు, ఆ పాట ఏ పుస్తకానికీ ఎక్కలేదు, మనుషుల నోళ్ళల్లో నిలబడింది. కరువులో శివయ్య, శశిరేఖ బతకడానికి బకింగ్‌హాం కాలవ పనికి నడిచి వెళ్తారు, అందరూ ఆకలితోనే ఉన్నారు, అయినా అక్కడ కూడా కులం అడ్డం నిలబడుతుంది. చరిత్ర పుస్తకంలో ఆ కాలవ ఒక వాక్యం. ఇక్కడ ఆ వాక్యంలో చోటు దొరకనివాళ్ళు కనిపిస్తారు. మా వంశవృక్షం 7 తరాలు వెనక్కి వెళ్ళిందని మా పెదనాన్న గర్వపడితే నాకూ సంతోషమే, కానీ మా పొలాల్లో ఆ 7 తరాలూ పనిచేసినవాళ్ళ తాతల పేర్లు ఏ కాగితం మీద ఉన్నాయి అని అప్పట్నుంచీ అనిపిస్తూనే ఉంది.

చరిత్ర విషయంలో ఈ నవలలతో నాకు పెద్ద గొడవే ఉంది. చాలామంది రచయితలు కేలండర్ ముందు పెట్టుకుని రాస్తారు. 1921 బెజవాడ కాంగ్రెస్ మీటింగుకి తాత వెళ్ళాలి, 1942లో బాబాయి రైలు పట్టాలు పీకాలి, 1948 పోలీస్ యాక్షన్‌కి ఇంకొకరు హైదరాబాదులో ఉండాలి, 1972 జై ఆంధ్రకి మనవడు కాలేజీలో ఉండాలి. ఒకే కుటుంబం అన్ని చోట్లా హాజరు. ఎక్కడ బతుకుతున్నామో చెప్పడానికి మామూలు మనుషులు సంవత్సరాలు చెప్పరు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. మా ఇంట్లో ఎవరూ ఆ తేదీ అనరు. “ఉప్పెనకి మీ నాన్నకి పెళ్ళై ఏడాది”, “ఆ గేదె ఉప్పెన తర్వాత కొన్నది”, ఇలాగే మాట్లాడతారు. పాత ఇంటి దేవుడి గదిలో గోడ మీద ఎన్ని సున్నాలు వేసినా నీళ్ళు నిలబడ్డ ఎత్తున ఒక మరక తేలుతూనే ఉండేది, పిల్లలం దాని పక్కన నిలబడి ఎత్తు కొలుచుకునేవాళ్ళం. చరిత్ర ఇంట్లోకి వచ్చేది అలా.

కొరియా కుటుంబం కథ ‘పచింకో’లో ఇది ఎంత బాగా చేశారో. మిన్ జిన్ లీ రాసిన నవల, 2017లో వచ్చింది. జపాన్ ఏలుబడి గురించి ఉపన్యాసం ఉండదు. కూతురు సున్జా పెళ్ళి, దేశం వదిలి వెళ్ళిపోబోతోంది, తల్లి కొట్టువాడి దగ్గరికి వెళ్ళి తెల్లబియ్యం అడుగుతుంది. పండించేది వాళ్ళ దేశంలోనే, తినడానికి వాళ్ళకే దొరకదు. వెళ్ళిపోయే ముందు పిల్ల ఒక్కసారి మన అన్నం తిని వెళ్ళాలి అని బతిమాలితే ఆ ముసలాయన రెండు గిన్నెలకి సరిపడా కొలిచి ఇస్తాడు. ఆ రెండు గిన్నెల బియ్యంతో నాకు వలసపాలన అర్థమైనట్టు స్కూల్లో ఏ పాఠంతోనూ అర్థం కాలేదు. వరి అన్నం పండగపూటే తిన్న తరం మన ఇళ్ళల్లోనూ ఉంది, మెట్ట ప్రాంతాల వాళ్ళని అడిగితే చెబుతారు, కానీ మన నవలల్లో అన్నం గురించి ఇంత దగ్గరగా రాసినవాళ్ళు తక్కువ.

ఇంకోటి, మూడో తరం. దాదాపు ప్రతి తరాల నవలా అక్కడే నీరసపడుతుంది. మొదటి తరం 200 పేజీలు కళ్ళకు కట్టినట్టుంటుంది, రెండోది పర్వాలేదు, మూడోదానికి వచ్చేసరికి మనవడు అమెరికా వెళ్తాడు, ఎయిర్‌పోర్టులో తల్లి ఏడుస్తుంది, ఇల్లు అమ్మేస్తారు, అయిపోతుంది. ఎందుకిలా అని చాలా ఆలోచించాను. మొదటి తరం కథలు రచయిత చిన్నప్పుడు విన్నవి, చెప్పి చెప్పి పదును తేరినవి. మూడో తరం తనే. తన అన్నదమ్ములు, వదినలు, ఇంకా బతికే ఉన్నవాళ్ళు, రేపు పెళ్ళిలో ఎదురుపడేవాళ్ళు. తాత రెండో సంసారం గురించి ధైర్యంగా రాసిన చెయ్యి, అన్న ఆస్తి పంపకంలో చేసిన మోసం దగ్గరికి వచ్చేసరికి వణుకుతుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ పాఠకురాలిగా నాకు ఆ పంపకమే కావాలి. ఏ గది ఎవరికి, బావి ఎవరి వాటాలోకి, అమ్మని ఎవరు ఎన్ని నెలలు చూడాలి. అంతకంటే పెద్ద కథ మన ఇళ్ళల్లో ఏముంది?

పేర్లు కలిసిపోతాయి అని మార్క్వెజ్ ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’ని చాలామంది సగంలో వదిలేస్తారు. తరతరానికీ అవే పేర్లు. మనకి అది కొత్తేం కాదు, తాత పేరు మనవడికి పెట్టడం మన పద్ధతే. మామగారి పేరు పెట్టారని కన్నకొడుకుని నోరారా పేరుతో పిలవలేక ‘అబ్బాయ్’ అని పిలిచిన అమ్మలు ఎంతమంది లేరు? ఆ నవల్లో పేర్లు వదిలేసి ఉర్సులాని పట్టుకోండి. ముసలితనంలో ఆవిడకి చూపు పోతుంది, ఎవరికీ తెలియనివ్వదు. ఎవరు ఏ వేళకి ఏ దారిన నడుస్తారో, ఏ వస్తువు ఎక్కడ ఉంటుందో గుర్తుపెట్టుకుని, కళ్ళున్నవాళ్ళు పారేసుకున్నవి కూడా ఆవిడే వెతికిపెడుతుంది. ఇల్లంతా ఆవిడ తలలో ఉంది. ఇలాంటి మనిషిని నేను చూశాను, చీకట్లో కరెంటు పోతే అగ్గిపెట్టె ఎక్కడుందో చెప్పేది మా నాయనమ్మే.

మా నాన్న పెద్దక్క, మా పెద్ద మేనత్త, 82 ఏళ్ళు, గుంటూరులో ఉంటుంది. పోయిన ఆదివారం ఫోన్ చేసి మొవ్వావిడ గురించి అడిగాను. అత్త చాలాసేపు ఆలోచించి, “పేరు మాకూ తెలీదే, మా నాయనమ్మ కూడా మొవ్వావిడ అనే అనేది” అంది. ఇంక పెట్టేద్దామనుకుంటుంటే, “వెనక వాకిట్లో గన్నేరు చెట్టుండేది చూడు, నువ్వు చూళ్ళేదులే, ఉప్పెనకి పోయింది, అది ఆవిడే పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చి నాటిందట. పూజకి రోజూ ఆ పూలే కోసేవాళ్ళం, మొవ్వ గన్నేరు అనేవాళ్ళం” అంది. తెల్లగన్నేరా, ఎర్రగన్నేరా అని అడిగాను. తెల్లగన్నేరట.

పెదనాన్నకి చెప్పాను. ఆ గడిలో ‘గన్నేరు చెట్టు నాటింది’ అని రాయమన్నాను. వంశవృక్షంలో అలాంటివి రాస్తారా అమ్మా అన్నారు కానీ, సాయంత్రానికి ఫోటో పంపించారు. పెన్సిల్‌తో రాశారు, ఎప్పుడైనా పేరు దొరికితే చెరిపి రాయొచ్చని.